మామయ్యగారి పాత టేకు సామాను కొత్త ఫ్లాట్‌లోకి తెచ్చుకోవాలా, అమ్మేయాలా?

కొత్తిల్లు (నల్లగండ్ల) అడిగారు:

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదివి సలహా ఇవ్వండి.

మేం నల్లగండ్లలో త్రీ బెడ్రూమ్ ఫ్లాట్ కొనుక్కున్నాం. కార్తీకంలో గృహప్రవేశం. ఇంకోపక్క మలక్‌పేటలో మా మామయ్యగారి పాత ఇంటిని డెవలప్‌మెంట్‌కి ఇచ్చాం. నెలాఖరుకల్లా ఖాళీ చేసి బిల్డర్‌కి తాళాలు అప్పజెప్పాలి. ఆ ఇంట్లో ఉన్న సామాను ఏం చెయ్యాలన్నదే ఇప్పుడు మా ఇంట్లో చర్చ.

నిలువుటద్దం ఉన్న చెక్క బీరువా ఒకటి. మనిషి ఎత్తు దాటి ఉంటుంది, పైన పువ్వులు చెక్కిన అడ్డపట్టీ. పేము అల్లిన పడక కుర్చీ, దాని చేతుల కింద నుంచి ఇంకో జత చెక్కలు ముందుకు తిరుగుతాయి, వాటి మీద కాళ్లు చాపుకోవచ్చు. మూడు సొరుగుల రాత బల్ల. గుండ్రటి టీపాయ్. పందిరి మంచం, దాని పందిరి విప్పేసి అటక మీద పెట్టారు, కోళ్లకి ఎప్పుడో ఆకుపచ్చ పెయింట్ వేశారు. పేము సీట్ల కుర్చీలు నాలుగు. వాటిలో రెండింటికి పేము తెగిపోతే ప్లైవుడ్ ముక్కలు పెట్టి మేకులు కొట్టేశారు.

మామయ్యగారి నాన్నగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసేవారట. బీరువా, రాత బల్ల అక్కడి క్యారేజ్ షాపులో పనిచేసే వడ్రంగి ఒకాయన ఇంటి దగ్గర చేసిచ్చినవని మామయ్యగారు చెప్పేవారు. అత్తయ్య తనకి రాత బల్ల ఒక్కటి ఉంటే చాలంటున్నారు. మా ఆయన చోటెక్కడుంది అంటున్నారు. ఇంటీరియర్ అబ్బాయి మొత్తం మాడ్యులర్ డిజైన్ వేసి ఇచ్చాడు, "ఇవి సెట్ అవ్వవు మేడమ్" అని ఒక్క మాటలో తేల్చేశాడు. పాత సామాను కొనేవాళ్లని పిలిస్తే అన్నిటికీ కలిపి రూ.22,000 ఇస్తామన్నారు.

నాకు మాత్రం ఇవ్వబుద్ధి కావట్లేదు. ఆ బీరువా తలుపు మూస్తే వచ్చే చప్పుడు, లోపల అరల దగ్గర వాసన, నాకు ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఇష్టం. కానీ ఇష్టం వేరు, ఇరవయ్యేళ్లు ఇంట్లో పెట్టుకోవడం వేరు. ఇవి నిజంగా మంచి సామానేనా, ఎలా తెలుసుకోవాలి? ఫ్లాట్‌లో, ఏసీ గదుల్లో నిలుస్తాయా? పురుగు ఉంటే కొత్త ఇంటికి అంటుకుంటుందా? ఇదే నా టెన్షన్.

---

మారేడ్‌పల్లి:

ముందు ఆ రూ.22,000 మాట పక్కన పెట్టండి. బేరగాళ్లు అన్నిటికీ కలిపి ఒక రేటు చెప్పారంటే ఆ లాట్‌లో వాళ్ల కన్ను ఒకదాని మీదే ఉందని అర్థం. మా ఇంట్లోనూ అలాగే జరిగింది. విడివిడిగా రేటు అడగండి, ఏది ముందు ఎత్తుకెళ్తామంటారో చూడండి. ఎర్రగడ్డ ఆదివారం సంతకి, జుమేరాత్ బజార్‌కి వెళ్లి అక్కడ ఇలాంటివి ఎంత చెబుతున్నారో ఓసారి అడిగి రండి. అమ్మినా అమ్మకపోయినా మీ చేతిలో ఏముందో మీకు తెలుస్తుంది.

---

చిత్రిక:

కొత్తిల్లు గారూ, మాది వడ్రంగం చేసే ఇల్లు. మా నాన్న జాంబాగ్‌లో ఒక ఫర్నిచర్ షాపుకి పనిచేసేవారు. నేను పాత సామాను బాగుచేసే పనే చేస్తున్నాను. ఈ పనంటే నాకు ప్రాణం, అందుకని వివరంగా రాస్తున్నాను.

పాతది కాబట్టి మంచిది అని నేను అనను. విప్పి మళ్లీ బిగించుకునేలా చేసిన సామాను మంచిది. మీ తాతగారి రోజుల్లో అలా చేసేవాళ్లు ఎక్కువ, ఇప్పుడు తక్కువ. మీరు చూడాల్సింది ఆ సంగతే.

రాత బల్ల దగ్గర మొదలుపెట్టండి. ఒక సొరుగు పూర్తిగా బయటికి లాగి, ఖాళీ చేసి, కిటికీ దగ్గర వెలుతురులో పెట్టండి. ముందు చెక్క, పక్క చెక్క కలిసే మూల చూడండి. అక్కడ మేకు లేకుండా, చివర విసనకర్రలా వెడల్పయ్యే పళ్లు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని ఉన్నాయంటే అది డవ్‌టెయిల్ జాయింట్. సొరుగు ఎన్ని వేలసార్లు లాగినా ముందు చెక్క ఊడి చేతికి రాదు, ఎందుకంటే మీరు లాగే దిక్కులో ఆ పళ్లు జారవు. పళ్లన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే కొలతలో ఉంటే మిషన్ పని. ఒకటి లావుగా, ఇంకోటి సన్నగా ఉండి, వాటి మొదట్లో సన్నటి గీత ఒకటి కనిపిస్తే చేత్తో చేసిన పని. ఆ గీత వడ్రంగి ఉలి ఎక్కడిదాకా దిగాలో చూసుకోవడానికి గీసుకున్న హద్దు. దాన్ని ఎవరూ చెరపరు, లోపలే ఉండిపోతుంది. ఇక సొరుగుని బోర్లించి అడుగు చెక్క మీద అరచేత్తో నిమరండి. చిత్రిక పట్టిన చెక్క కంటికి చదునుగానే ఉంటుంది గానీ వేళ్లకి చిన్న చిన్న పల్లాలు తెలుస్తాయి. నాకు పాత సామానులో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. ఎవరూ చూడరని తెలిసి కూడా అడుగుని అంత శ్రద్ధగా తీశాడంటే ఆ మనిషి పై భాగం ఎలా తీసుంటాడో ఆలోచించండి.

తర్వాత గుండ్రటి టీపాయ్. టేపు తీసుకుని పలకని చెక్క చారల వెంట ఒకసారి, చారలకి అడ్డంగా ఒకసారి కొలవండి. చెక్క ఆరేకొద్దీ అడ్డంగా కుదించుకుపోతుంది, పొడవునా దాదాపు కుదించుకోదు. అందుకని ఏళ్లు గడిచిన గుండ్రటి బల్ల కాస్తంత కోలగా మారుతుంది. రెండు కొలతలూ ఒకటే అయితే అది ప్లైవుడ్ మీద పల్చటి టేకు పొర అంటించినదేమో అని అనుమానించాలి.

ఈ కదలిక సంగతే మీ బీరువాకి అసలు పరీక్ష. మన హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో గాలి పూర్తిగా పొడిబారుతుంది, జూలై, ఆగస్టుల్లో తేమ నిండుతుంది. చెక్క దానికి తగ్గట్టు ముడుచుకుంటుంది, విచ్చుకుంటుంది. మంచి వడ్రంగి దాన్ని ఆపాలని చూడడు, చోటు ఇస్తాడు. బీరువా పక్కలు చూడండి. నాలుగు వైపులా లావుపాటి చట్రం, మధ్యలో పల్చటి పలక ఉండాలి. ఆ పలకకి జిగురు పెట్టరు, మేకు కొట్టరు. చట్రంలో గాడి తీసి అందులో నిలబెడతారు. వేసవిలో అది గాడిలోపలే ముడుచుకుంటుంది, వానాకాలంలో గాడిలోపలే పెరుగుతుంది, బీరువా ఆకారం మాత్రం మారదు. పలక అంచున పాలిష్ పడని లేత రంగు గీత ఒకటి సన్నగా కనిపిస్తే అది ముడుచుకున్న గుర్తు. దాన్ని చూసి చెడిపోయిందనుకుని చాలామంది లప్పం పెట్టిస్తారు. పెట్టించకండి. కదలాల్సిన పలకని బిగించేస్తే ఏదో ఒక వేసవిలో అది మధ్యకి చీలుతుంది.

చట్రం మూలలు ఎలా కలిపారో కూడా గమనించండి. ఒక చెక్కకి నలుచదరపు బెజ్జం తొలిచి, రెండో చెక్క కొసని దానికి సరిపడా చెక్కి, లోపలికి దిగ్గొట్టి, అడ్డంగా చిన్న చెక్కమేకు వేస్తారు. పైన రూపాయి బిళ్లకంటే చిన్నగా గుండ్రటి మచ్చ కనిపిస్తుంది. ఆ మేకు కొట్టి బయటికి తీస్తే జాయింట్ విడిపోతుంది. వాడిన జిగురు పాతకాలం సరేసు (పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసే జిగురు) అయితే వేడి, తడి తగిలితే మెత్తబడుతుంది. అంటే నలభై ఏళ్లకి వదులైన కుర్చీని నేను ముక్కముక్కా విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించగలను, చెక్క ఎక్కడా పాడవదు. తెల్ల జిగురుతో, గన్ మేకులతో కలిపినది వదులైతే విప్పబోయేసరికి చెక్కే చీలి వస్తుంది. ఇక పార్టికల్ బోర్డు (చెక్కపొట్టు జిగురుతో అదిమి చేసే పలక) ఒకసారి నీళ్లు తాగి ఉబ్బిందంటే మళ్లీ యథాస్థితికి రాదు, అందులోంచి ఊడిన స్క్రూకి అదే చోట మళ్లీ పట్టు దొరకదు. వంటింట్లో సింక్ కింద అలమార చూసినవాళ్లందరికీ ఇది అనుభవమే.

విప్పి బిగించే సామాను ఇప్పుడు విడిభాగాలుగా పెట్టెల్లో పెట్టి అమ్మే కంపెనీలు కనిపెట్టినదేం కాదు. ఇరానీ హోటళ్లలో వంపు తిరిగిన చెక్క కుర్చీలు చూసే ఉంటారు. వాటికి మూలం ఆస్ట్రియాలో మైకేల్ థోనెట్ 1859లో తెచ్చిన 14వ నంబరు కుర్చీ. బీచ్ చెక్కని ఆవిరి పట్టి వంచుతారు. ఆరు చెక్క భాగాలు, పది స్క్రూలు, రెండు నట్లు. అంతే కుర్చీ. విడదీసి ఒక ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు సర్ది ఓడల మీద పంపేవారు. స్క్రూ వదులైతే బిగించుకుని, సీటు పోతే సీటు మార్చుకుని జనం వాటిని తరాలపాటు వాడారు.

చెక్క గురించి. టేకు అనగానే అంతా ఒకటే కాదు. లోపలి ముదురు భాగం చేవ, పైన తెల్లటి పొర. చేవలో సహజంగా ఉండే నూనె వల్ల చెద దాని జోలికి తొందరగా పోదు. తెల్ల పొరని మాత్రం పురుగు వదలదు. ఇప్పుడు తోటల్లో పెంచి చిన్న వయసులోనే కొట్టే టేకులో చేవ తక్కువ, పొర ఎక్కువ. పాత సామాను నిలిచిందంటే వడ్రంగి గొప్పతనం ఎంతో, ముదురు మాను దొరకడమూ అంతే. బర్మా టేకు దుంగల ఎగుమతిని అక్కడి ప్రభుత్వం 2014 ఏప్రిల్ 1 నుంచి ఆపేసింది. కాబట్టి మీ ఇంట్లో ఉన్నలాంటి చెక్కతో ఇవాళ కొత్తగా చేయించాలంటే డబ్బు పెట్టినా కలప దొరకడం కష్టం.

మీరు చెప్పిన లాలాగూడ మాట నన్ను బాగా పట్టేసింది. అప్పట్లో బోగీల ఒళ్లు టేకుతోనే కట్టేవారు. పెరంబూరులో ఉక్కు బోగీల ఫ్యాక్టరీ మొదలైంది 1955లో. అంటే ఆ వడ్రంగి పట్టాల మీద రోజంతా ఊగే బోగీకి జాయింట్లు వేసిన చెయ్యి. ఇంట్లో కదలకుండా నిలబడే బీరువాకి వేసిన జాయింట్ వదులవ్వడం కష్టమే. బీరువా, రాత బల్ల ఈ రెండూ ఎట్టిపరిస్థితుల్లోనూ అమ్మకండి. మిగతావి చూసి చెబుదాం.

పాలిష్ మాట ఒకటి. ఎవరో ఒకరు "మెషిన్‌తో గీకేసి పీయూ కొట్టేద్దాం మేడమ్, అద్దంలా మెరుస్తుంది" అంటారు. పీయూ అంటే పాలీయురెథేన్ పూత. ముందు కనిపించని మూల దూదితో కొంచెం స్పిరిట్ అద్దండి. జిగటగా అయి దూదికి రంగు అంటితే అది లక్క పాలిష్, ఫ్రెంచ్ పాలిష్ అంటారే అదే. దాన్ని గీకాల్సిన పనే లేదు. మురికి తుడిచి దానిమీదే కొత్త పూత వేస్తే పాతది కరిగి కొత్తదానితో కలిసిపోతుంది. వేడి గ్లాసు పెడితే తెల్ల మచ్చ పడుతుంది, అది నిజమే. ఆ మచ్చ ఉన్నచోట మళ్లీ రుద్దుకోవచ్చు. పీయూ గట్టిది, కానీ గీత పడితే ఆ ఒక్క చోట సరిచేయడం అయ్యే పని కాదు, పలక మొత్తం తీయాలి. అరవై ఏళ్ల చేతుల రాపిడితో చెక్కకి వచ్చిన రంగు మెషిన్ పెడితే పది నిమిషాల్లో పోతుంది, మళ్లీ ఎవరూ తెప్పించలేరు.

---

గదులూ_గోడలూ:

నేను ఇంటీరియర్స్ చేస్తాను, కొండాపూర్‌లో ఆఫీసు. మీ డిజైనర్ "సెట్ అవ్వవు" అన్నారంటే ఆయన డ్రాయింగ్‌లో చోటు వదల్లేదని అర్థం. డ్రాయింగ్ మార్చమనండి, ఇంకా బోర్డు కట్ చెయ్యలేదు కదా.

చిత్రిక గారు చెప్పనిది ఒకటి చెబుతాను. బీరువా లోతు కొలవండి. హ్యాంగర్‌కి బట్ట తగిలించాలంటే 22 నుంచి 24 అంగుళాల లోతు కావాలి. పాత చెక్క బీరువాలు చాలావరకు మడతపెట్టిన చీరల కోసం చేసినవి, లోతు తక్కువ. దాన్ని వార్డ్‌రోబ్‌గా వాడబోతే రోజూ విసుగొస్తుంది, ఆర్నెల్లలో మీరే బయటపెడతారు. పట్టుచీరలు, దుప్పట్లు, లేదా హాల్లో పెట్టి పుస్తకాలు, పింగాణీ సామాను సర్దండి. హ్యాంగర్లకి మాడ్యులర్ వార్డ్‌రోబ్ ఎలాగూ ఉంటుంది. రెండూ ఒకే ఇంట్లో ఉండొచ్చు, పోటీ ఏం లేదు.

బట్టల కోసం ఎంత పెద్ద బీరువా కావాలన్నా చేయించుకున్న ఊరు మనది. పురానీ హవేలీలో నిజాం మ్యూజియానికి వెళ్లండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా అక్కడుంది, బర్మా టేకుతో చేసింది, రెండంతస్తులు, 176 అడుగుల పొడవంటారు. పై అంతస్తుకి వెళ్లడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు కూడా ఉంది. వాక్-ఇన్ వార్డ్‌రోబ్ కావాలని నా దగ్గరికొచ్చేవాళ్లకి ముందు అది చూసి రమ్మంటాను.

పెట్టే చోటు గురించి. గదికి ఒక పాత వస్తువు చాలు, దాని చుట్టూ ఖాళీ ఉండాలి. హాల్లో పడక కుర్చీ, టీపాయ్ కిటికీ పక్కన పెడితే ఇంకేం అక్కర్లేదు. ఎదురుగా గోడ మీద టెక్స్చర్ పెయింట్, పైన ఫాల్స్ సీలింగ్‌లో రంగురంగుల లైట్లు పెట్టారనుకోండి, అప్పుడు కుర్చీ పాతబడినట్టు కనిపిస్తుంది. తెల్లటి గోడ, పసుపు వెలుగున్న ఒక దీపం చాలు. ఏసీ గాలి సూటిగా చెక్క మీద పడకూడదు. పడమటి ఎండ కూడా పడకూడదు, ఒక పక్క రంగు వెలిసిపోతుంది.

పందిరి మంచానికి రెండు కొలతలు కావాలి. పందిరి ఎత్తుకీ ఫ్యాన్ రెక్కలకీ మధ్య ఎంత ఉంటుంది, మంచం లోపలి పొడవు వెడల్పులు ఎంత. పాత మంచాలు ఇప్పటి క్వీన్, కింగ్ సైజుల్లో ఉండవు. రెడీమేడ్ పరుపు పట్టదు, కొలత ఇచ్చి కట్ చేయించుకోవాలి. గెస్ట్ రూమ్‌కైతే పందిరి లేకుండా మంచం ఒక్కటే వేసుకున్నా నిండుగా ఉంటుంది. దోమతెర కట్టుకునేవాళ్లయితే పందిరి కూడా పెట్టండి, మా పాపకి అదే ఇష్టం.

---

లెక్క_చూడాలి:

నేను వేరే మాట చెబుతాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. పాతవన్నీ గట్టివి అనిపించడానికి ఒక కారణం, నాసివి ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి. మనకి మిగిలినవి మంచివే. మా పెద్దనాన్న ఇంట్లో అదే కాలం నాటి మామిడిచెక్క అలమారలు పుచ్చిపోయి పిండైపోవడం నేను కళ్లారా చూశాను. కాబట్టి కొత్తిల్లు గారు ఒక్కో వస్తువునీ విడిగా చూసి నిర్ణయించుకోవాలి. "తాతగారి సామాను" అని మూటగట్టి తెచ్చుకోవద్దు.

రెండోది, మంచం కోళ్ల ఆకుపచ్చ పెయింట్. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. పాత ఎనామిల్ పెయింట్లలో సీసం ఎక్కువగా ఉండేది. మన దేశంలో ఇళ్లకి వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరు 1న. అంతకు ముందు వేసినది ఏదైనా అనుమానించాల్సిందే. ఇంట్లో, పిల్లల దగ్గర, పొడిగా సాండ్ పేపర్ రుద్దించకండి. ఆ దుమ్ము చాలా చెడ్డది. బయట, తడిపి, మాస్క్ పెట్టుకుని తీయించండి.

మూడోది డబ్బు. కుర్చీల పేము, బీరువా పాలిష్, రవాణా అన్నీ కలిపితే కొత్త డైనింగ్ సెట్ వచ్చేస్తుంది. అయినా బాగుచేయించుకోండి అనే అంటాను నేను, కానీ మంచి సామానుకి మాత్రమే. సర్కారు ఆఫీసుల నుంచి ఒక ఉదాహరణ. చండీగఢ్‌లో 1950ల్లో ఆ నగరాన్ని కట్టిన ఆర్కిటెక్టుల్లో ఒకరైన పియరీ జనరే వాళ్లు ఆఫీసుల కోసం టేకు, పేముతో కుర్చీలు చేయించారు. పాతబడ్డాయని స్క్రాప్ కింద వేలం వేసేశారు. అవే విదేశాల్లో లక్షలు పలికాయి. చివరికి 2011లో కేంద్ర హోం శాఖ వాటి అమ్మకం, ఎగుమతి ఆపమని ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. మీ కుర్చీలకి లక్షలు వస్తాయని కాదు. స్క్రాప్ వాడు వేసే రేటు తూకానికి వేసేది, పనికి కాదు.

---

కొత్తిల్లు:

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న అత్తయ్య, నేను మలక్‌పేట వెళ్లి టేపు, టార్చి పెట్టుకుని కూర్చున్నాం.

సొరుగు లాగాం. మూలల్లో పళ్లు ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో లావు. గీత కూడా ఉంది! అడుగు చెక్క మీద అత్తయ్య చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. సొరుగు వెనకవైపు పెన్సిల్‌తో ఇంగ్లిష్‌లో రెండు అని అంకె వేసి ఉంది, మిగతా రెండిటికీ ఒకటి, మూడు. మేం ఇన్నేళ్లూ రెండోది మూడో గూట్లో పెట్టి, ఇరుక్కుంటోందని తిట్టుకుంటున్నాం. మార్చి పెడితే హాయిగా జారుతున్నాయి.

టీపాయ్ చారల వెంట 24 అంగుళాలు, అడ్డంగా పావు అంగుళం తక్కువ. బీరువా పక్కల పలక అంచున లేత గీత కనిపించింది. లోతు 18 అంగుళాలే, గదులూ_గోడలూ గారు చెప్పినట్టే. మా ఆయనకి ఫోటోలు చూపిస్తే హాల్లో పుస్తకాలకి పెడదాం అని ఆయనే అన్నారు.

నాలుగు కుర్చీల్లో మంచివి రెండు. ప్లైవుడ్ కొట్టిన రెండూ తేలిగ్గా ఉన్నాయి, చెక్క వేరేలా ఉంది. వాటిలో ఒకదాని కాలి దగ్గర నేల మీద పసుపు రంగు పిండి రాలి ఉంది, చిన్న చిన్న రంధ్రాలు. అది చూసి నాకు గుండె ఝల్లుమంది. పక్కనే పడక కుర్చీ ఉంది. దానికి రంధ్రాలు లేవు గానీ పేము బాగా కిందికి జారింది. చిత్రిక గారూ, ఏం చెయ్యాలి? ఇంకోటి, బీరువా లిఫ్టులో పడుతుందా? మాది తొమ్మిదో అంతస్తు.

---

చిత్రిక:

సొరుగుల నంబర్లు చూశారు చూడండి, చాలా సంతోషంగా ఉంది. చేత్తో చేసిన సొరుగు ఏ గూటికి చేసింది ఆ గూటికే సరిపోతుంది, అందుకే వేస్తారు. ఆ పెన్సిల్ అంకెల మీద పాలిష్ వెయ్యనివ్వకండి.

పిండి రాలే కుర్చీని ఇవాళే మిగతా వాటి నుంచి దూరంగా వరండాలోకి మార్చండి. రాలిన పిండి ఊడ్చి, కింద నల్ల కాగితం పరిచి ఒక వారం చూడండి. మళ్లీ పిండి పడితే పురుగు లోపల బతికే ఉంది. పడకపోతే పాత రంధ్రాలే కావచ్చు. మీరు చెప్పిన బరువుని బట్టి అవి చేవ లేని చెక్కవి. ఆ రెండు కుర్చీలూ వదిలేయండి, వాటి మీద డబ్బు పెట్టకండి, కొత్త ఇంటికి అసలు తేవద్దు. పక్కనున్న టేకు కుర్చీకి అంటుకునే అవకాశం తక్కువే, అయినా కాళ్ల అడుగున, వెనక పట్టీల లోపలి వైపు టార్చి వేసి తెల్ల పొర ఎక్కడైనా ఉందేమో చూడండి. ఉంటే నేను సిరంజితో మందు ఎక్కించి రంధ్రాలు మైనంతో మూసేస్తాను.

పడక కుర్చీ పేము తెగలేదు కదా, జారింది అంతే. కుర్చీని బోర్లించి, పేముకి కింది వైపు నుంచి గోరువెచ్చని నీళ్లతో తడిపిన గుడ్డ పరిచి అరగంట ఉంచండి. పేము పైభాగం నిగనిగలాడే తొక్క, అది నీళ్లు తాగదు, కింది వైపే తాగుతుంది. చెక్కకి మాత్రం నీళ్లు అంటనివ్వకండి, పాలిష్ తెల్లబడుతుంది. తర్వాత నీడలో గాలికి ఆరబెట్టండి. ఆరేకొద్దీ బిగుస్తుంది. పూర్తిగా ఆరేదాకా ఎవరూ కూర్చోవద్దు. అప్పటికీ బిగుతు రాకపోతే కొత్తగా అల్లించాల్సిందే. అల్లడానికి మనుషులు ఇంకా ఉన్నారు. చూపు లేనివారికి కుర్చీల పేము అల్లడం నేర్పి సర్కారు ఆఫీసుల్లో పని ఇవ్వడం మన దేశంలో ఎప్పటి నుంచో ఉంది. నాకు అల్లిచ్చే పెద్దాయన కూడా అలా నేర్చుకున్నవారే. వేళ్లతోనే బిగుతు చూస్తారు, ఆయన అల్లిన సీటు మీద చేత్తో కొడితే టంగుమంటుంది.

లిఫ్టు గురించి కంగారు వద్దు. బీరువా పైన పువ్వుల పట్టీ విడిగా పైకి వచ్చేస్తుంది, కింద పీఠం కూడా చాలావాటికి విడిగానే ఉంటుంది. ఇద్దరు నిలబడి రెండు వైపులా సమంగా ఎత్తి చూడండి, బలవంతం చెయ్యకండి. అద్దం తలుపు ముందే తీసేయాలి. బందుల స్క్రూలు ఇత్తడివైతే సరిపోయే స్క్రూడ్రైవర్‌తోనే తీయాలి, చిన్నది పెట్టి తిప్పితే తల అరిగిపోతుంది. ఏ స్క్రూ ఎక్కడిదో కవర్లో వేసి చీటీ రాసుకోండి. మిగిలిన డబ్బా ఎత్తు, లిఫ్టు లోపల నేల మూల నుంచి ఎదుటి పైమూల దాకా ఐమూలగా కొలత, లిఫ్టు తలుపు వెడల్పు, ఈ మూడూ నాకు పంపండి. పట్టకపోతే మెట్ల మలుపు దగ్గర కొలుద్దాం.

పాలిష్ ఇప్పుడు వద్దు. వానల్లో లక్క పాలిష్ వేస్తే గాలిలో తేమ పట్టి తెల్లటి పొగలా కమ్ముతుంది. మలక్‌పేట నుంచి నేరుగా నా షెడ్డుకి పంపించండి. జాయింట్లు ఇప్పుడు బిగిస్తాను, పూత మాత్రం దసరా దాటాక ఎండలు వచ్చినప్పుడు వేస్తాను. మీ గృహప్రవేశానికి అందుతాయి. ఈలోపు మీ డిజైనర్‌తో హాల్లో ఆ గోడ ఖాళీగా ఉంచమని చెప్పండి, ఆ గోడకి ఏసీ పాయింట్ పెట్టించకండి. బీరువా తాళంచెవి మాత్రం ఖాళీ చేసే హడావుడిలో ఎక్కడా పారేసుకోవద్దు. ఇప్పుడే తీసి అత్తయ్యగారి చేతికి ఇవ్వండి.